శుద్ధి యంత్రం బాగుంది, భూగర్భజలం బాగుపడలేదు: ఒక టీసీఈ కాలుష్య కేసు

కలుషిత భూగర్భజలాన్ని బాగుచేసే వ్యవస్థ పనిచేస్తోందో లేదో తేల్చమంటే చాలామంది ముందు యంత్రం దగ్గరికే వెళ్తారు. లోపలికి వెళ్లే నీటిలో కాలుష్యం ఎంత, బయటికొచ్చే నీటిలో ఎంత, తగ్గింది ఎంత శాతం అని లెక్క కడతారు. ఆ లెక్క యంత్రం సంగతి చెబుతుంది. నేల కింద మిగిలిన నీటి సంగతి అందులో ఉండదు. ఈ రెండూ ఎంత దూరం విడిపోవచ్చో కళ్లకు కట్టిన కేసు కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. స్థలం, సంస్థ, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. కొలతలను గుండ్రం చేశాను, వాటి మధ్య నిష్పత్తులు మాత్రం చెదరనివ్వలేదు.

నేపథ్యం

అది లోహపు విడిభాగాలు తయారుచేసే కర్మాగారం. భాగాలకు అంటిన గ్రీజు వదిలించడానికి దశాబ్దాల పాటు ట్రైక్లోరోఇథిలీన్, అంటే టీసీఈ, వాడారు. వాడేసిన సాల్వెంట్ చేరే కాంక్రీటు తొట్టి అడుగున పగిలి ఉంది. ఎప్పటినుంచి కారుతోందో రికార్డుల్లో లేదు.

నీటి సాంద్రత 1 అయితే టీసీఈది 1.46. పెట్రోలులా నీటిమట్టం మీద తేలదు. సందు దొరికినచోటల్లా కిందికి జారి, బంకమట్టి అడ్డొచ్చినచోట దాని మీద పరుచుకుంటుంది. నీటిలో కరిగేది లీటరుకు సుమారు 1,100 మిల్లీగ్రాములే. కానీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తాగునీటికి పెట్టిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. కరగగలిగినదానికీ, ఉండదగినదానికీ మధ్య రెండు లక్షల రెట్లకు పైగా తేడా. ఈ కాలుష్యంతో వచ్చే చిక్కంతా ఆ తేడాలోనే ఉంది. చాలా కొద్ది సాల్వెంట్ చాలా ఎక్కువ నీటిని, చాలా ఏళ్లు పాడుచేస్తూ ఉండగలదు.

పైన 3 మీటర్ల పూడిక మట్టి, అక్కడినుంచి 11 మీటర్ల లోతు వరకు ఇసుక, ఆ కింద మందమైన బంకమట్టి. నీటిమట్టం దాదాపు ఇసుక మొదలయ్యేచోటే ఉంది కాబట్టి నీరున్న ఇసుక మందం 8 మీటర్లు. ఆ ఇసుక మధ్యలో అక్కడక్కడ పలచని బంకమట్టి పలకలున్నాయి. పాత నివేదికల్లో ఆ పలకలకు దక్కింది ఒక్క వాక్యం.

తొట్టికి కొద్ది దూరంలో, నీటి వాలుకు దిగువన ఒకే పంపింగ్ బోరు వేశారు. రోజుకు 40 ఘనపు మీటర్లు తోడి ఎయిర్ స్ట్రిప్పర్ టవర్‌లోకి పంపుతారు. టవర్‌లో ప్లాస్టిక్ ముక్కల మీదుగా నీరు కిందికి జారుతుంటే కింద నుంచి బ్లోయర్ గాలి కొడుతుంది. టీసీఈకి నీటిలోంచి గాలిలోకి పోయే గుణం బలంగా ఉంది కాబట్టి ఈ పద్ధతి దానికి బాగా నప్పుతుంది. పైకి పోయే గాలిని యాక్టివేటెడ్ కార్బన్ డ్రమ్ముల గుండా వదులుతారు. సలహాదారులుగా మేం అడుగుపెట్టేసరికి ఇదంతా పదేళ్లకు పైగా నడుస్తోంది. దిగువనున్న ఇళ్లవాళ్లు తమ బోర్లు వాడకుండా వేరే నీటి ఏర్పాటు అప్పటికే జరిగింది.

సమస్య

టవర్ నుంచి బయటికొచ్చే నీటిలో టీసీఈ ప్రతి నెలా 5 మైక్రోగ్రాముల లోపే ఉంది. నెలవారీ నివేదికలన్నిటిలోనూ పైన కనిపించేది ఆ అంకే. పరిశీలన బోర్ల పట్టిక మాత్రం చివరి అనుబంధంలో ఉండేది. దాన్ని గ్రాఫుగా గీస్తే మొదటి రెండేళ్లలో వేలల్లోంచి వందల్లోకి గబగబా దిగి, ఆ తర్వాత లీటరుకు 200 మైక్రోగ్రాముల దగ్గర చదునుగా ఆగిపోయింది.

ఇది ఈ ఒక్కచోటి కథ కాదు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో, నీటిని తోడి శుద్ధిచేసే విధానం నడుస్తున్న 77 స్థలాలను పరిశీలిస్తే 69 చోట్ల లక్ష్యం ఇంకా చేరలేదని తేలింది. కాబట్టి గీత చదునవడం చూసి మేం ఆశ్చర్యపోలేదు. ఎందుకు చదునైందన్నదే తేల్చుకోవాల్సింది. ఒకే ఆకారపు గీత వెనక వేర్వేరు కారణాలుంటాయి, ఒక్కోదానికి మందు వేరు.

యాజమాన్యం మమ్మల్ని అడిగిన ప్రశ్న వేరు. వాళ్ల చేతిలో మూడు ప్రతిపాదనలున్నాయి: ఇప్పుడున్నదానికి రెట్టింపు సామర్థ్యంతో కొత్త టవర్, అతినీలలోహిత కాంతీ హైడ్రోజన్ పెరాక్సైడూ కలిసి పనిచేసే ఆక్సిడేషన్ యూనిట్, నేలలోకి పొటాషియం పర్మాంగనేట్ ఇంజెక్షన్. మూడింట్లో ఏది కొనాలో చెప్పమన్నారు. దేనికైనా ముందు ఆ గీత ఎందుకు ఆగిందో తెలియాలని మేం పట్టుబట్టాం. నియంత్రణ సంస్థ కూడా అదే అడగడంతో కొంత సమయం దొరికింది.

ముందు ఏం చూశాం

టవర్ చూడటం తొందరగానే ముగిసింది. లోపలి ప్లాస్టిక్ ముక్కలను బయటికి తీయిస్తే ఒక్కోదాని మీద వేలుమందాన నారింజ రంగు బురద. నీటిలోని ఇనుము గాలి తగలగానే తుప్పుగా మారి పేరుకుంటుంది. దాంతో గాలి సరిగా పోక బ్లోయర్ ఒత్తిడి పెరుగుతుంది. ప్లాంటు చూసుకునే ఆపరేటర్ ఆ ఒత్తిడిని రోజూ పుస్తకంలో రాసి, ఫలానా అంకె దాటగానే ఆమ్లంతో కడిగించేవాడు. అంత శ్రద్ధగా నడిపిన ప్లాంటు అరుదు. "నీళ్లు శుభ్రంగానే వస్తున్నాయి కదా సార్, ఇంకేం చూడాలి?" అని అతను అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అతని చేతిలో ఉన్నదాంట్లో లోపం లేదు.

తర్వాత చూసింది, బోరు ఎంత మేర నీటిని తనవైపు లాగుతోందన్నది. పాత నివేదికలో నీటిమట్టం పడిపోయిన ప్రాంతమంతటికీ గీత గీసి, అదంతా బోరు పట్టులో ఉందని రాశారు. ఇది తరచూ కనిపించే పొరపాటు. నీటిమట్టం కాస్త పడినంత మాత్రాన అక్కడి నీరు బోరులోకి వస్తుందని కాదు. సహజ ప్రవాహం దాన్ని పక్కనుంచి దాటించుకుపోవచ్చు. లెక్క పెద్ద కష్టమూ కాదు. ఇసుక నీటి వాహకత, అంటే అది నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే కొలత, రోజుకు 10 మీటర్లు, మందం 8 మీటర్లు, నీటిమట్టం వాలు 0.005. ఈ మూడూ గుణిస్తే, మీటరు వెడల్పుకు రోజుకు 0.4 ఘనపు మీటర్ల నీరు పారుతోందని అర్థం. రోజుకు 40 ఘనపు మీటర్లు తోడే బోరు పట్టు చాలా ఎగువన 100 మీటర్ల వెడల్పు ఉంటుంది, బోరు ఉన్న వరుసకు వచ్చేసరికి అందులో సగం, 50 మీటర్లే. దిగువ వైపు 16 మీటర్లు దాటిన నీరు ఇక వెనక్కి రాదు. ఆ వరుసలో కాలుష్యం వెడల్పు 70 మీటర్లు. పైగా వర్షాలు బాగా పడిన నెలల్లో వాలు 0.008కి చేరేది, అప్పుడు 50 మీటర్ల పట్టు 31కి కుంచించుకుపోతుంది. పక్క బోర్లలో టీసీఈ సరిగ్గా ఆ నెలల్లోనే పెరగడం పాత రికార్డులోనే ఉంది. ఎవరూ ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడలేదు.

మూడోది బరువు లెక్క. రోజుకు 40 ఘనపు మీటర్లు, లీటరుకు 200 మైక్రోగ్రాములు అంటే రోజుకు 8 గ్రాముల టీసీఈ. ఏడాదికి 3 కిలోలకు కాస్త తక్కువ, సాల్వెంట్‌గా చూస్తే రెండు లీటర్లు. పంపు, బ్లోయర్, కార్బన్ డ్రమ్ములు, మనుషులు అందరూ ఏడాదంతా పనిచేస్తే నేలలోంచి బయటికొచ్చేది రెండు లీటర్లు! సమావేశంలో శాతాల గ్రాఫు పక్కనపెట్టి ఈ ఒక్క అంకె బోర్డు మీద రాశాం. చర్చ దారి మారింది అక్కడే.

ఇక తొట్టి పక్కనున్న బోరులో లీటరుకు 14 మిల్లీగ్రాములు కనిపించింది. కరిగే శక్తిలో ఒక శాతం, అంటే 11 మిల్లీగ్రాములు దాటితే చుట్టుపక్కల కరగని సాల్వెంట్ ఉందని అనుమానించడం ఈ రంగంలో వాడుక. అది రుజువు కాదు, కానీ ఎక్కడ తవ్వి చూడాలో చెప్పే ఆనవాలు.

చివరగా పంపు ఆపి చూద్దామన్నాం. దీనికి ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. కాలుష్యం ఉన్నచోట పంపు ఆపడమేమిటని అందరికీ భయం, అది సహజం. దిగువన ఎవరూ ఆ నీరు తాగడం లేదని మళ్లీ తనిఖీ చేసి, సరిహద్దు బోర్లలో ఎంత పెరిగితే పంపు తిరిగి వేయాలో ముందే రాసుకుని, నియంత్రణ సంస్థ అనుమతితో ఆపాం. కొన్ని నెలల్లో తొట్టి దగ్గరి మిగతా బోర్లలో 200 కాస్తా 1,500 దాటింది. దూరపు బోర్లలో మార్పు లేనట్టే. పంపు నడుస్తున్నంతకాలం ఇసుకలో నీరు వేగంగా మారుతూ, బంకమట్టిలోంచి ఊరుతున్న టీసీఈని పలచన చేస్తోంది. ఆపగానే అసలు ఊట బయటపడింది. ఉతికి పిండి ఆరేసిన బొంత పైకి పొడిగా తగిలినా లోపలి మడతల్లో చెమ్మ అలాగే ఉన్నట్టు, పదేళ్లలో కడిగింది ఇసుకను మాత్రమే.

ప్రతిపాదనలను ఎలా తూచాం

ఈ ఐదు విషయాలూ చేతికొచ్చాక మూడు ప్రతిపాదనలను చూడటం సులువైంది.

రెట్టింపు టవర్: బంకమట్టిలోంచి టీసీఈ బయటికొచ్చే వేగాన్ని నిర్ణయించేది వ్యాపనం, అంటే అణువులు ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి మెల్లగా పాకడం. ఇసుకలో నీటిని రెట్టింపు వేగంతో తోడితే ఆ పాకుడు రెట్టింపు కాదు. నీరు రెట్టింపవుతుంది, గాఢత దాదాపు సగమవుతుంది, రోజుకు వచ్చే గ్రాములు కొద్దిగానే పెరుగుతాయి. దీన్ని పక్కన పెట్టాం.

ఆక్సిడేషన్ యూనిట్: గాలికి లొంగని కాలుష్యాల కోసం ఇది మంచి సాధనం. 1,4-డయాక్సేన్ అలాంటిది. 1,1,1-ట్రైక్లోరోఇథేన్ అనే మరో సాల్వెంట్‌లో దాన్ని స్టెబిలైజర్‌గా కలిపేవారు. నీటిలో పూర్తిగా కలిసిపోతుంది, ఎయిర్ స్ట్రిప్పర్‌కూ కార్బన్‌కూ సరిగా చిక్కదు. కర్మాగారంలో ఆ సాల్వెంట్ కూడా వాడి ఉంటే టవర్ నుంచి "శుభ్రంగా" వచ్చే నీటిలో డయాక్సేన్ ఇన్నాళ్లూ కనబడకుండా పోతూ ఉండేది. అందుకే యూనిట్ అక్కర్లేదని చెప్పేముందు ప్రత్యేకంగా ఆ పరీక్ష చేయించాం. లేదని వచ్చింది. అప్పుడే ఆ ప్రతిపాదనను వదిలేశాం. పాత నివేదికల్లో ఒక కాలుష్యం పేరు లేకపోవడానికి అది నేలలో లేకపోవడం ఒక కారణం, ఎవరూ పరీక్షించకపోవడం మరో కారణం. రెంటినీ విడదీయకుండా ఏ శుద్ధి వ్యవస్థనూ ఎంచుకోకూడదు.

పర్మాంగనేట్ మిగిలింది. సీసాలో టీసీఈ నీరు పోసి పర్మాంగనేట్ కలిపితే కార్బన్ డయాక్సైడ్, క్లోరైడ్, మాంగనీస్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ రసాయనంలో సందేహం లేదు. సందేహం నేల గురించే. ఇసుకలోనూ బంకమట్టిలోనూ విడివిడిగా నమూనాలు తీసి, టీసీఈ లేకపోయినా నేల తనంతట తాను ఎంత పర్మాంగనేట్ తాగేస్తుందో చూస్తే, బంకమట్టి ఇసుకకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తాగింది. అయినా చిన్న ముక్కలో పైలట్ చేయాలనే నిర్ణయించాం. ఒకటి, పలకలు ఎంత మందమో అప్పటికి తెలియదు. పలచనైతే పని జరగొచ్చు. రెండు, ఇంజెక్ట్ చేసిన ద్రవం ఏ దారిన పోతుందో ఊదా రంగే చూపిస్తుంది, అది ఎలాగూ కావలసిన సమాచారం. పైలట్ మొదలుపెట్టకముందే గెలుపంటే ఏమిటో కాగితం మీద రాశాం: రంగు పూర్తిగా పోయాక కనీసం రెండు విడతల నమూనాల్లో టీసీఈ తిరిగి పెరగకూడదు.

ఫలించనిది

ఇంజెక్షన్ తర్వాత బోర్లలోంచి ముదురు ఊదా నీరు వచ్చింది. టీసీఈ పరికరానికి అందనంతగా తగ్గిపోయింది. ఆ వారం తీసిన నమూనాలతో నివేదిక రాస్తే అది ఘనవిజయమే. రంగు తగ్గుతూ వచ్చి, ఆరేడు నెలలకు నీరు తేటబడింది. తర్వాతి విడత నమూనాల్లో టీసీఈ పాతచోటికి తిరిగొచ్చింది. ఒక బోరులో ఆరు వేలన్సీ క్రోమియం కూడా కొంతకాలం కనిపించింది. నేలలోని హాని తక్కువైన క్రోమియాన్ని పర్మాంగనేట్ ఆ రూపంలోకి మార్చగలదు కాబట్టి ముందునుంచే దానిమీద కన్నేసి ఉంచాం. ఆక్సిడెంట్ అయిపోయాక అది తగ్గిపోయింది.

ఎందుకు తిరిగొచ్చిందో చూడటానికి నేలను కోశాం. గొట్టంతో నిలువునా తీసిన మట్టి కోర్‌ను బల్ల మీద పెట్టి చీలిస్తే, ఇసుక, బంకమట్టి కలిసేచోట గోధుమ రంగు పొర గీత గీసినట్టుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. పొరకు ఇవతల ఇసుకలో టీసీఈ లేదు. అవతల నాలుగు వేళ్ల లోతున బంకమట్టిలో అంతా అలాగే ఉంది. ఇంజెక్ట్ చేసిన ద్రవం తేలిగ్గా పోయే దారిన పోయింది, కాలుష్యం ఆ దారిలో లేదు. పైలట్ ఫలించలేదు, కానీ నేల లోపలి పటం దీనితోనే స్పష్టమవడం మొదలైంది.

నేలను దగ్గరగా చదవడం

పాత పరిశీలన బోర్ల జల్లెడలు, అంటే నీరు లోపలికొచ్చే చిల్లుల గొట్టాలు, ఒక్కోటి 6 మీటర్ల పొడవు. అంత పొడవులో వేర్వేరు లోతుల నీరు కలిసి సగటు వస్తుంది. అరమీటరు మందాన ఉన్న తీవ్ర కాలుష్యం ఆ సగటులో కరిగిపోతుంది. అందుకని మెంబ్రేన్ ఇంటర్‌ఫేస్ ప్రోబ్ దింపాం. వేడిచేసిన మొనతో నేలలోకి దిగుతూ, ఆవిరైన సాల్వెంట్‌ను పైనున్న పరికరానికి పంపుతూ, లోతుతోపాటు నిరంతరం గీత గీస్తుందది. ఆ గీత ఎగిరినచోటల్లా కోర్లు తీశాం.

కోర్ తీయడంలో తొందర చాలా ముఖ్యం. టీసీఈ గాలికి ఎగిరిపోతుంది కాబట్టి గొట్టం చీల్చిన వెంటనే, ఐదు నుంచి పది సెంటీమీటర్లకో చిన్న మట్టి బిళ్ల కోసి మెథనాల్ ఉన్న సీసాలో వేసి మూత బిగించాలి. మట్టిని సంచిలో కట్టి ల్యాబ్‌కు పంపితే దారిలోనే సగం పోతుంది, నేల శుభ్రంగా ఉన్నట్టు కాగితం వస్తుంది.

తేలిందేమిటంటే, టీసీఈలో ఎక్కువ భాగం తొట్టి కింద 15 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతంలో ఉంది. అక్కడి రెండు పలకల్లోనూ, అడుగు బంకమట్టి పై 60 సెంటీమీటర్లలోనూ ఇంకి ఉంది. దశాబ్దాల పాటు లోపలికి పాకింది అంతే నెమ్మదిగా బయటికి పాకుతోంది. దిగువనా పక్కలకూ ఉన్న పలకల్లో ఇంకా కొంత ఉంది, కానీ గాఢత చాలా తక్కువ. మొత్తం స్థలాన్ని ఒకే వ్యాధిగా చూడటం మానేసి, మూలం ఒకటి, దాని దిగువన పారే కలుషిత నీటి ధార మరొకటి అని విడదీసుకున్నది ఇక్కడే.

ఫలించినది

మూలం దగ్గర కావలసింది బంకమట్టి లోపలికి చొచ్చుకుపోయే పద్ధతి. ద్రవాలు అలా చొచ్చుకుపోలేవు. వేడి చొచ్చుకుపోతుంది. నేలలో ఎలక్ట్రోడ్లు దింపి కరెంటు పంపే పద్ధతిని ఎంచుకున్నాం. బంకమట్టి ఇసుకకంటే మెరుగ్గా కరెంటును పోనిస్తుంది, కాబట్టి వేడి ముందు అక్కడే పుడుతుంది. ఇన్నాళ్లూ అడ్డంకిగా నిలిచిన గుణమే ఇక్కడ పనికొచ్చింది. టీసీఈ విడిగా 87 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, నీటితో కలిసి ఉంటే 73 దగ్గరే మరగడం మొదలవుతుంది. లేచిన ఆవిరిని వాక్యూమ్‌తో లాగి కార్బన్‌లో పట్టాం. తవ్వి తీసేయడం గురించీ ఆలోచించాం. నీటిమట్టం కింద 8 మీటర్లు, పక్కనే వాడుకలో ఉన్న భవనం పునాది. అది కుదరదని నిర్మాణ ఇంజినీర్లు తేల్చారు.

వేడి ఎప్పుడు ఆపాలన్నది ఉష్ణోగ్రత చూసి నిర్ణయించలేదు. బయటికొచ్చే ఆవిరిలో టీసీఈ బరువు తగ్గి నిలకడగా ఉన్నాక, మళ్లీ అవే చోట్ల కోర్లు తీసి బంకమట్టిలో ఎంత మిగిలిందో చూశాం. తొంభై శాతానికి పైగా పోయింది.

దిగువ ధారకు రెండు దారులు కనిపించాయి. ఒకటి ఇనుప రజను నింపిన అడ్డుగోడ. ఇనుముకు టీసీఈలోని క్లోరిన్‌ను ఊడగొట్టే గుణం ఉంది. కెనడాలోని బోర్డెన్‌లో వాటర్లూ విశ్వవిద్యాలయం 1991లో దీన్ని నేలలో పెట్టి చూపించింది. ఇక్కడ కందకం తవ్వాల్సిన వరుసలో భూగర్భ పైపులు అడ్డదిడ్డంగా ఉన్నాయి, నీటిలో కార్బోనేట్లు ఎక్కువ కాబట్టి గోడ పూడుకుపోయే ప్రమాదమూ ఉంది. రెండోది, నేలలోని సూక్ష్మజీవులకు ఆహారం ఇచ్చి అదే పని చేయించడం. అవి టీసీఈని సిస్-డైక్లోరోఇథిలీన్‌గా, అంటే సిస్-డీసీఈగా, దాన్ని వినైల్ క్లోరైడ్‌గా, చివరికి హాని లేని ఇథిలీన్‌గా మారుస్తాయి. మా నీటిలో సిస్-డీసీఈ అప్పటికే ఉంది, వినైల్ క్లోరైడ్, ఇథిలీన్ లేవు. అంటే పని మొదలై మధ్యలో ఆగింది. చివరి మెట్టును ప్రధానంగా దాటించేది డీహాలోకోకాయిడీస్ అనే బాక్టీరియా. జన్యు పరీక్షలో అవి లీటరుకు వేలల్లో మాత్రమే ఉన్నాయని తేలింది. పని చురుగ్గా సాగాలంటే కోటి వరకు ఉండాలి. కాబట్టి వంటనూనె ఎమల్షన్‌తో పాటు పెంచిన బాక్టీరియాను కూడా ఎక్కించాం. మూలం నుంచి వచ్చే వెచ్చని నీరు 35 డిగ్రీల లోపుకు దిగేదాకా ఆగి మరీ ఎక్కించాం, ఎందుకంటే 40 దాటితే చివరి మెట్టు ఆగిపోతుంది.

ఒక వరుసలో పని సిస్-డీసీఈ దగ్గర నిలిచిపోయింది. నూనె పులిసి ఆమ్లాలు పుట్టడంతో అక్కడ పీహెచ్ 5.5కి పడింది, 6 కంటే దిగువన ఈ బాక్టీరియా కుంటుబడుతుంది. ఇంకా నూనె ఎక్కిద్దామని సూచన వచ్చింది. అదే చేసుంటే ఆమ్లం ఇంకా పెరిగేది. బైకార్బొనేట్ పోసి పీహెచ్ సరిచేసి మళ్లీ బాక్టీరియా వేస్తే ఇథిలీన్ కనబడింది.

మధ్యలో వినైల్ క్లోరైడ్ పెరుగుతుందని తెలుసు. అది క్యాన్సర్ కారకం, తాగునీటిలో అమెరికా పరిమితి 2 మైక్రోగ్రాములు, టీసీఈకంటే కఠినం. ఎయిర్ స్ట్రిప్పర్ దాన్ని నీటిలోంచి సులువుగానే లాగుతుంది, కానీ గాలి వైపున్న కార్బన్ దాన్ని పట్టి ఉంచలేదు. అలా వదిలేస్తే నేలలోంచి తీసి ఊరి గాలిలో కలిపినట్టే. కార్బన్ తర్వాత పర్మాంగనేట్ పట్టించిన జియోలైట్ అనే ఖనిజపు డ్రమ్ము ఒకటి అదనంగా పెట్టించాం. పాత వ్యవస్థకు నేలలో కొత్త పని జోడిస్తే వ్యవస్థలోని ప్రతి భాగాన్నీ కొత్త నీటితో మళ్లీ తూచాల్సిందే. ఆక్సిజన్ పోయిన నేలలో ఆర్సెనిక్, మాంగనీస్ కరగడం, మీథేన్ పుట్టడం కూడా పరీక్షల జాబితాలో చేర్చాం.

పంపును తీసేయలేదు, దాని ఉద్యోగం మార్చాం. సరిహద్దు దగ్గర 25 మీటర్ల ఎడంతో రెండు బోర్లు వేసి, ఒక్కోదాంట్లో రోజుకు 32 ఘనపు మీటర్లు తోడితే ఆ వరుసలో పట్టు 80 మీటర్లవుతుంది, 70 మీటర్ల కాలుష్యం అందులో ఇముడుతుంది. వాలు పెరిగే నెలల్లో కొలతను బట్టి పంపింగ్ పెంచేలా మోటార్లకు వేగ నియంత్రణ పెట్టాం. పాత టవర్‌కు ఆ నీటిని భరించే సామర్థ్యం ఉంది. ఈ పంపింగ్ లక్ష్యం కాలుష్యాన్ని సరిహద్దు దాటనివ్వకపోవడమే, గ్రాములు తీయడం కాదు. కాబట్టి దాని నివేదికలో మొదటి అంకె పట్టు వెడల్పు.

పాఠాలు

బోరులోని గాఢతతో పాటు, ఒక అడ్డగీత గుండా రోజుకు ఎన్ని గ్రాములు దాటుతున్నాయో కొలవడం ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది. సరిహద్దు వరుసలో వేర్వేరు లోతుల నమూనాలతో లెక్కిస్తే మొదట రోజుకు 9 గ్రాములు, పని ముగిశాక అర గ్రాము లోపు. గాఢత మాత్రమే చూస్తే ఇప్పటికీ ఒక బోరు 20 మైక్రోగ్రాముల పైనే ఉంది, అక్కడి పలక ఇంకా ఊరుతోంది. అర గ్రాము ఊటను నేలలోని సూక్ష్మజీవులు సర్దుకోగలవా అన్నది ఇప్పుడు తేల్చాల్సింది, ఆ లెక్క గ్రాముల్లోనే సాధ్యం.

పైలట్‌కు గెలుపు నిర్వచనం ముందే రాసి ఉండకపోతే ఊదా నీటి వారమే నిర్ణయమై స్థలమంతా పర్మాంగనేట్ పోసేవాళ్లు. అమ్మేవాళ్ల సీసా పరీక్షను నమ్మవచ్చు, అది చెప్పేంతవరకే. సీసాలో బంకమట్టి పలకలుండవు.

పంపు ఆపే నిర్ణయానికి తేదీ ఎలా పెట్టాలన్న వాదన చాలాసేపు నడిచింది. ఏడాది ఫలితాలు చూసి తీర్పు ఇద్దామన్నారు. ఇసుకలో నీరు రోజుకు 0.2 మీటర్లు కదులుతుంది. టీసీఈ ఇసుక రేణువులకు అంటుకుంటూ వదులుతూ పోతుంది కాబట్టి అందులో సగం వేగంతో, రోజుకు 0.1 మీటరు. మూలం నుంచి సరిహద్దుకు 60 మీటర్లు. వేడిచేయడం ముగిసిన రోజున మూలం దగ్గరున్న టీసీఈ సరిహద్దుకు చేరడానికి 600 రోజులు పడుతుంది. ఏడాదికి తీసిన నమూనాలో ఉండేది చికిత్సకు ముందు కాలుష్యమే. ఈ లెక్కను నియంత్రణ సంస్థ ముందు పెడితే, పంపు ఆపాక తీర్పుకు కనీసం రెండేళ్లు ఆగాలని, ఈలోగా పక్క బోర్లలో రాసిపెట్టుకున్న అంకె దాటితే వెంటనే పంపులు వేయాలని ఒప్పుకున్నారు. రెండు పంపులూ ఇప్పుడు సిద్ధంగా ఉన్నాయి, నడవడం లేదు. ఆపరేటర్ నెలకోసారి వాటిని కాసేపు తిప్పి చూస్తున్నాడు, బ్లోయర్ ఒత్తిడి రాసిన పుస్తకంలోనే ఇప్పుడు బోర్ల నీటిమట్టాలు కూడా రాస్తున్నాడు.